ఊరెళ్ళిన పుండు

ఆరు జతల సాక్సుల్ని కలిపి పట్టుకున్న అట్టముక్కను కోసినందుకు మా ఆయన ఆ రోజు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. కోయడం తప్పు కాదు. కోసిన కత్తెర తప్పు.

"గుడ్డ కత్తెరతో అట్ట కోశావా?"

"అట్ట కోయలేదు. దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ పోగు తెంపాను. అట్ట మధ్యలో వచ్చింది."

"మధ్యలో వచ్చిందట! పాతికేళ్ళుగా టైలరు పెళ్ళానివి. వంటింట్లో కత్తెర లేదూ?"

"ఆ కత్తెరకి పదును పెట్టించి ఎన్నేళ్ళయిందో మీరే చెప్పండి."

"పదునంతా మీ ఇద్దరి నోళ్ళలోనే ఉందిగా, ఇక కత్తెరకెందుకు?" అంది అత్తయ్య తన కుర్చీలోంచి. ఎవరి పక్షమో తెలియనివ్వకుండా ఇద్దరికీ చెరొకటి తగిలించడం ఆవిడకి అలవాటు.

మా ఇంట్లో ఆ కత్తెరకి మనుషులకన్నా ఎక్కువ మర్యాద. అది గుడ్డ తప్ప మరొకటి కోయకూడదు. కాగితం కోస్తే దాని నోరు మొద్దుబారుతుందట. మా అమ్మాయి ఐదేళ్ళప్పుడు దాంతో రంగుకాగితాలు కోస్తే, ఆయన దాన్ని సానపట్టేవాడి దగ్గరకు తీసుకెళ్ళి, ఆస్పత్రిలో ఎవరినో చేర్చి వచ్చిన మనిషిలా తిరిగొచ్చారు.

కత్తెర గొడవ అయ్యాక సాక్సుల గొడవ మొదలైంది.

"ఇన్ని రంగులుండగా తెల్లవెందుకు తెచ్చావ్? బడికెళ్ళే పిల్లాడిలా ఉంటాను."

"నర్సమ్మ తెల్లవే వేసుకోమంది. మరకపడితే కనిపించాలట."

"నర్సమ్మ చెప్పిందని నిక్కరు కూడా కుట్టుకోనా?"

కాలేజీకి బయలుదేరుతున్న మా అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆయనకీ నవ్వొచ్చింది గాని కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి ఆపుకున్నారు. నేను సాక్సులు తీసుకుని ఒక్కో జత పై అంచున ఒక్కో రంగు దారంతో చిన్న గుర్తు కుట్టాను, ఎడమకాలిదానికి ఒక గీత, కుడికాలిదానికి రెండు. ఉతికాక జతలు తారుమారు కావడం నాకు గిట్టదు.

ఆ గుర్తులే తరవాత నాకు సంగతి చెప్పాయి.

మా ముందుగదే ఆయన కుట్టు దుకాణం. కిటికీ పక్కన కాలితో తొక్కే పాత మిషన్, గుడ్డ కత్తిరించే బల్ల, మూలన చిరుగుముక్కలు వేసే పెద్ద సంచి. ఆయన వేసిన కుట్టు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుందని అందరూ ఆయన్ని గీత మాస్టారంటారు. షుగరు పదిహేనేళ్ళుగా ఉంది. రెండేళ్ళ కిందట ఒకరోజు బూటు విప్పితే లోపల ఒక ప్రెస్ బటన్ దొరికింది. పొద్దున్నుంచీ దానిమీదే నడిచారు. కుడి అరికాల్లో గుంట పడింది. ఆయనకి తెలియలేదు. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది. పోయినేడు మళ్ళీ అదే కాల్లో వచ్చి, ఎముకదాకా పోయి, రెండో వేలు తీసేశారు.

ఆ గాయం మానిన రోజున ఆస్పత్రి డ్రెస్సింగ్ గదిలో నర్సమ్మ ఆయన్ని కళ్ళు మూసుకోమంది. గట్టి నైలాన్ పోగు ఒకటి పాదంమీద అక్కడక్కడా ఆనిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. ఆయన బుద్ధిగా కూర్చున్నారు. కాసేపటికి, "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అన్నారు. అప్పటికి ఆమె ఎనిమిది చోట్ల ఆనించింది.

దారం వేళ్ళ మధ్య నలిపి అది ఏ నంబరో చెప్పగలిగే మనిషి. ఆ ప్రశ్నకి నర్సమ్మా నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

"మాస్టారూ," అంది ఆమె, "పుండు మానిందంటే పోయిందనుకోకండి. ఊరెళ్ళిందనుకోండి. దాని పక్కా దుప్పటీ మీ దగ్గరే ఉన్నాయి. పదిమందిలో నలుగురి దగ్గరకి ఏడాది తిరక్కుండా వచ్చేస్తుంది."

"వస్తే తలుపు తియ్యనమ్మా."

"తలుపు తట్టిన చప్పుడు మీ కాలికి వినపడదుగా."

తరవాత నన్ను పక్కకి పిలిచి ఇంకా చాలా చెప్పింది. వేలు పోయినచోట బరువు పక్కకి పడుతుంది. పడిన చోట చర్మం గట్టిపడి కాయ కాస్తుంది. ఆ కాయే చెప్పులో రాయిలా లోపలి కండను నలుపుతుంది. ఆస్పత్రివాళ్ళు చేయించిన మెత్తని చెప్పులు వీధిలోకే కాదు, మంచం దిగిన దగ్గర్నుంచి ఇంట్లో కూడా వేసుకోవాలి. ఎక్కువమంది ఇంట్లోనే పాడుచేసుకుంటారు.

"ఇంట్లో చెప్పులా! నేను బతికుండగానే?" అంది అత్తయ్య. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. రోజూ రెండుసార్లు తుడిచే నేల నాది. మెత్తని చెప్పులు ప్లాస్టిక్ కవరులో గుమ్మం పక్క అరలో ఉండిపోయాయి. ఎనిమిది నెలలైనా వాటి అడుగు కొత్తదానిలాగే ఉంది. చూసినవాళ్ళు ఎంత జాగ్రత్త అనుకుంటారు.

మిషన్ దగ్గర మరీ అన్యాయం. వట్టి సాక్సుతో ఇనప పలక తొక్కేవారు. ఆ పలకకి చిల్లులూ, చిల్లుల చుట్టూ గట్లూ ఉంటాయి.

"చెప్పులేసుకుని తొక్కితే మిషన్ మాట వినదు. పాదానికి తెలుస్తుండాలి," అనేవారు.

"ఏం తెలుస్తుంది నాన్నా, ఎనిమిదిచోట్ల పొడిచినా తెలియలేదుగా? మోటారు పెట్టించు."

"మోటారుకి పరిగెత్తడమే వచ్చమ్మా. కాలర్ మలుపులో నడవాలి."

అలా అన్న మనిషి మిషనే ఈ మధ్య మలుపులో ఆగకుండా పోతోంది. వంటింట్లోంచి నాకు వినపడేది. పాతికేళ్ళు ఒకే తీరుగా విన్న చప్పుడు. ఇప్పుడు అది ఉన్నట్టుండి దూసుకుపోయి, తడబడి ఆగేది. తరవాత నిశ్శబ్దం. కుట్టు విప్పుతున్నారన్నమాట. పక్కవీధి బడిపిల్లల యూనిఫాంలు నలభై జతలు ఒప్పుకున్నారు. సోమవారం బడి తెరుస్తారు.

వేలు తీసినప్పటినుంచీ రోజూ పొద్దున్నే నేనే ఆయన అరికాళ్ళు చూసేదాన్ని. సాక్సులు వచ్చిన వారానికి కుడి అరికాలి కాయలో, పోయిన వేలికి కాస్త కింద, ఒక నల్లచుక్క కనిపించింది. చర్మంపైన కాదు, అద్దం వెనక మరకలా లోపల.

"మార్కింగ్ పెన్సిల్ అంటుకుని ఉంటుంది," అని బొటనవేలితో రుద్దారు. పోలేదు.

"పోలేదు," అన్నాను.

"సబ్బుతో పోతుందిలే."

మర్నాడు నేను పాదం పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నారు. "నా కాలు నేను చూసుకోలేనా? చిన్నపిల్లాణ్ణా? ఆ చేతి అద్దం ఇలా ఇయ్యి, కింద పెట్టి చూసుకుంటాను."

సూదిబెజ్జం కనిపించక, అమ్మాయితో రోజూ పొద్దున్నే ఇరవై సూదులకి దారం ఎక్కించి పెట్టించుకునే మనిషి ఆయన. ఆ సంగతి తెలిసీ అద్దం ఇచ్చేశాను. ముందురోజు కత్తెర గురించి మళ్ళీ ఒక మాట అనుకున్నాం. ఇంకో గొడవ ఎందుకనుకున్నాను. అంతే, ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

మరో వారానికి ఆకుపచ్చ గుర్తున్న సాక్సు ఒకటి తగ్గింది. బట్టలు ఆరేసే తీగ కింద వెతికాను, మంచం కింద వెతికాను. తరవాత పసుపుపచ్చది. సాక్సులన్నీ మంచంమీద పరిచి చూశాను. ఎడమకాలివి ఆరూ ఉన్నాయి. కుడివి నాలుగే.

"ఇంట్లో ఒంటికాలి దొంగ పడ్డాడేమో," అన్నారాయన, తలెత్తకుండా.

నేను నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం.

మంగళవారం పొద్దున అత్తయ్య ముక్కు ఎగబీల్చి, "ఎక్కడో ఎలుక చచ్చింది," అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. చూపు తగ్గినకొద్దీ ఆవిడకి ముక్కు పెరుగుతోంది. "మన ఇంట్లో ఎలుకలెక్కడివి అత్తయ్యా? చీమ రావాలన్నా నన్నడిగి రావాలి."

"నిన్నడిగే వచ్చి చచ్చిందేమో చూడు."

వంటింటి అరలన్నీ దింపాను. మంచాలు జరిపాను. అటకమీద డబ్బాలు తీయించాను. ఎక్కడా ఏమీ లేదు. బుధవారం నాకూ వాసన తగిలింది. సన్నగా, తియ్యగా, మురిగిన పువ్వుల నీళ్ళలా. కిటికీలు తెరిస్తే పోయేది. మూస్తే వచ్చేది. విచిత్రం ఏమిటంటే అది ఒక్కచోట ఉండేది కాదు. ఆయన ముందుగదిలో ఉంటే ముందుగదిలో, భోజనానికి వస్తే భోజనాల బల్ల దగ్గర. చచ్చిన ఎలుక ఇల్లంతా తిరగదు. ఆ మాట మనసులో అనుకున్నాను, పూర్తిగా అనుకోకుండా వదిలేశాను.

గురువారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే చిరుగుముక్కల సంచి నేలమీద బోర్లించాను.

యూనిఫాం నీలం ముక్కలు, తెల్ల లైనింగు ముక్కలు, మిషన్‌కి నూనె తుడిచే పేలికలు. ఆ పేలికలు మామూలు గుడ్డవి కావు. సాగే గుడ్డ. ఒకదాని అంచున ఆకుపచ్చ దారం గుర్తు ఉంది. రెండు సాక్సుల్నీ పేలికల్లో కలిసిపోయేలా పట్టీలుగా కోశారు. దాచేటప్పుడు కూడా అంచులు ఎంత సూటిగా కోశారో! కొన్ని పట్టీలు అట్టలా బిరుసెక్కి ఉన్నాయి. వాటి మీది మరక నూనెది కాదు. అంచులు పసుపు, మధ్య ముదురు గోధుమరంగు. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే తెలిసింది.

సంచి అడుగున ఇంకో కుడికాలి సాక్సు ఉంది. ఎర్ర గుర్తుది, నేను మొన్ననే ఉతికింది. పలక గట్ల ఒరిపిడికి అరికాలి దగ్గర చిరిగితే, ఆయన దాన్ని రెండు వరసల కుట్టుతో కలిపారు. చీమల బారంత సన్నంగా, అందంగా ఉంది. వేలితో తడిమాను. లోపలివైపు గట్టుకట్టిన ఆ కుట్టు సరిగ్గా నల్లచుక్క ఉన్నచోట ఉంది. దాన్ని వేసుకుని రోజంతా మిషన్ తొక్కారు. ఇంకెవరైనా అయితే చిరిగిన సాక్సు అవతల పారేసేవాళ్ళు.

ఆయన తువ్వాలుతో వచ్చి, నేలమీది ముక్కలూ నా చేతిలో సాక్సూ చూసి గుమ్మంలో ఆగిపోయారు.

"కూర్చోండి," అన్నాను.

"అది నూనె..."

"కూర్చోండి."

కుర్చీలో కూర్చోబెట్టి పాదం నా ఒళ్ళోకి తీసుకున్నాను. రెండో పాదంకన్నా వేడిగా ఉంది. కాయ మధ్యలో చొక్కా గుండీ అంత గుంట. దాని లోతు నాకు తెలియలేదు, అడుగు కనిపించలేదు. చుట్టూ ఎరుపు, పాదం పైకి ఎక్కి మడమ పక్కదాకా వచ్చింది. ఆయన తన కాలు చూసుకోలేదు. నా ముఖం చూస్తున్నారు.

"ఎంతుంది?"

"నొప్పి లేదా మీకు?"

"లేదు."

పెళ్ళయిన ఈ పాతికేళ్ళలో ఆయన నోట విన్న మాటల్లో నన్ను ఇంతగా భయపెట్టినది లేదు.

"ఎన్నాళ్ళయింది?"

"పదిరోజులు కావచ్చు. యూనిఫాంలు అవగానే నేనే చెబుదామనుకున్నాను. ఇంకా పన్నెండే ఉన్నాయి."

నర్సమ్మకి ఫోన్ చేశాను. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. "చలి, జ్వరం ఉన్నాయా? ఎరుపు అంచు ఎక్కడుందో అక్కడ పెన్నుతో గీత గీయండి. ఈరోజే తీసుకురండి, రేపు కాదు. డాక్టరు మూడింటిదాకా ఉంటారు. పొద్దున షుగరు మందు వేసుకునే ఉంటారు కాబట్టి భోజనం మాత్రం మాన్పించకండి, షుగరు పడిపోతే అదో ప్రమాదం. ఎముకకి పట్టిందేమో చూడాలి."

"పడితే?"

"ముందు తీసుకురండి."

చేతికి అందిన మార్కింగ్ పెన్సిల్‌తో ఎరుపు అంచున గీత గీశాను. గంట పది కొట్టింది. ఆయన గీత చూసి, "వంకరగా గీశావ్," అన్నారు.

"బయలుదేరండి."

"సోమవారం పొద్దున్నే వెళ్దాం. నలభైమంది పిల్లలు. మాటిచ్చాను. నాలుగు రోజుల్లో కొంపలేం మునగవు." ఇంకో సాక్సు వేసుకుని లేచి మిషన్ దగ్గరకు నడిచారు. కుంటలేదు. కుంటితే బాగుండుననిపించింది. టకటకమని చప్పుడు మొదలైంది, దూసుకుపోయింది, తడబడింది, ఆగింది.

పన్నెండున్నరకి ఆయన చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు సాక్సు కిందికి లాగి చూశాను. ఎరుపు గీత దాటింది. వేలెడు వెడల్పున దాటింది.

ఆయన స్నానాలగదిలో ఉండగా నేను ముందుగదిలోకి వెళ్ళి చేయాల్సింది చేశాను. రెండు నిమిషాలు పట్టలేదు.

భోజనాల బల్ల దగ్గర నలుగురం కూర్చున్నాం. అమ్మాయి ఆ రోజు కాలేజీకి వెళ్ళలేదు. దానికి అంతా చెప్పాను. వడ్డిస్తుంటే ఆయనే మొదలుపెట్టారు.

"అమ్మా, నీ కోడలు గోరంతని కొండంత చేస్తోంది. కాలికి చిన్న దెబ్బ తగిలింది. సోమవారం చూపించుకుంటాను."

అత్తయ్య చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "మీ నాన్న శనివారం అన్నాడు," అంది.

మామయ్యగారు జ్వరంతో పోయారనే నాకు తెలుసు.

"జ్వరమే. కాలినుంచి వచ్చిన జ్వరం. శనివారం జీతాలిచ్చాక వెళ్దామన్నాడు. శుక్రవారమే ఒళ్ళు తెలియకుండా పోయాడు. నీకు చెప్పలేదు, చిన్నవాడివి." ఆవిడ కళ్ళు ఎటో ఉన్నాయి. "ఎలుక కాదని నాకు మొదటిరోజే తెలుసురా."

"మరి ఎలుకన్నారేం అత్తయ్యా?" నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

"ఎలుకైతే బాగుండునని."

ఆయన కంచంలోకి చూస్తూ, "ఆ పన్నెండు..." అన్నారు.

"గుడ్డలన్నీ మూటకట్టాను నాన్నా," అంది అమ్మాయి. "బజారు చివర టైలరు ఒప్పుకున్నాడు. నీ కొలతల పుస్తకం కూడా ఇస్తాను."

"వాడా! వాడి కుట్టు పిల్లి గీరినట్టు ఉంటుంది. నేనిప్పుడే కూర్చుంటే రాత్రికి నాలుగు..."

"కూర్చోలేరు," అన్నాను. "మిషన్ బెల్టు కోసేశాను. మూడు ముక్కలుగా."

ఆయన తలెత్తారు. తోలు బెల్టు సంగతి కాదు ముందు ఆయన అడిగింది.

"దేంతో కోశావ్?"

"గుడ్డ కత్తెరతో."

నావైపు చూశారు. నేను కళ్ళు దించుకోలేదు. అత్తయ్య మెల్లగా లేచి, గోడ పట్టుకుని గుమ్మందాకా వెళ్ళి, అరలోంచి ఆ మెత్తని చెప్పులు తీసింది. కవరులోంచి బయటికి లాగి, నేను పొద్దున్నే తుడిచిన నేలమీద, ఆయన కుర్చీ పక్కన పెట్టింది.

"అన్నం తినండి," అన్నాను. "రెండింటికి టాక్సీ వస్తుంది. బట్టల సంచి సర్దేశాను. కాలు ఎక్కడిదాకా తీయాలో మీరూ నేనూ బేరమాడే రోజు దాటిపోయింది. డాక్టరు ఎక్కడ గీత గీస్తే అక్కడికి ఒప్పుకుని సంతకం పెడతాను."